నలభై ఏడు తీగలకూ కుంకుమ

హార్ప్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆరేళ్లకు, దసరా రోజున, హైటెక్ సిటీలో నా మొదటి సోలో కచేరీ. ఆ వాయిద్యానికి నలభై ఏడు తీగలుంటాయి. వేళ్లు దారి తప్పకుండా ప్రతి ఏడింటిలో ఒకటి ఎర్రగా, ఒకటి నల్లగా ఉంటాయి. శ్రుతి చేసి, బట్టలు మార్చుకొచ్చి కూర్చోగానే తెర లేచింది. చూస్తే తీగలన్నీ ఎర్రగానే ఉన్నాయి!

తెర పక్కన అమ్మ, చేతిలో కుంకుమ గిన్నె.

"ఆయుధ పూజ చేసిన, బిడ్డా. ఒక్క తీగ గూడ ఇడువలే" అంది గుసగుసగా.

ముందు వరుసలో మా గురువుగారు. ఒక్క తీగ తప్పినా ఆరేళ్ల చదువు గోవిందా. చూసి లాభం లేదని, కళ్లు మూసుకుని చేతుల అలవాటు మీదే వాయించేశాను. చప్పట్లు మోగాయి.

"గింత భక్తితోని ఎన్నడు వాయించలే నువ్వు" అని అమ్మ మురిసిపోయింది.

అది భక్తి కాదు, వణుకు. ఇప్పుడు ప్రతి కచేరీకీ అమ్మను సీట్లో కూర్చోబెట్టాకే బట్టలు మార్చుకుంటున్నాను.