మామ ఎంచిన తూటా

పోయిన వారం జగిత్యాల నుంచి మామ కొడుకు ఫోన్ చేశాడు. "నాన్న పోయిండన్నా" అన్నాడు. నేను అయ్యో అనలేదు, ఎప్పుడని అడగలేదు. "నొప్పి ఏమన్న తెల్సిందా ఆయనకు?" అని అడిగాను. అతను తెల్లబోయాడు. "లేదన్నా. అరుగు మీద చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు" అన్నాడు. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. ముందు ఆ మాటే ఎందుకు అడిగానో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మామ నాకు చుట్టం కాడు. సౌదీలో అల్ ఖర్జ్ దాటాక ఒక మజ్రాలో, అంటే తోటలూ పశువులూ ఉన్న పొలంలో, నేను డ్రైవర్ని. ఆయనేమో మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద రప్పించుకున్న యజమాని, సరదాగా పెంచుకునే జింకలకు కాపరి. అంతకు ముందు మన సైన్యంలో సిపాయి. తెలిస్తే పనిలో ఉంచుకోరని నాకు తప్ప ఆ సంగతి అక్కడెవరికీ చెప్పలేదు. కానీ ఎంత ఎండలోనూ చొక్కా పైగుండీ తీసేవాడు కాదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు. "అత్త ఏమన్న కర్నలా మామా?" అని ఏడిపిస్తే, "అంతకంటె పెద్ద ర్యాంకు అల్లుడా" అనేవాడు. తల్లి చచ్చిన ఒక మగజింక పిల్లను సీసాతో పాలు పట్టి పెంచాడు.

అదే పెరిగి, కొమ్ములొచ్చి, మిగతా వాటిని పొడిచి చంపడం మొదలుపెట్టింది. దాన్ని కాల్చేయాలన్నాడు కఫీల్. కొత్తగా పిస్టల్ కొన్నాడు మరి, ముచ్చట తీరొద్దూ?

అవి మాకు గడ్డు రోజులు. సొంత దేశం వాళ్లకే పనులివ్వాలనే నితాఖత్ అని, పరాయి పనివాళ్ల మీద లెవీ పన్ను అని రోజుకో కబురు. అవసరమైన వాళ్లకే ఇకామా అనే నివాస కార్డు రెన్యువల్, మిగతా వాళ్లకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడమే అని కఫీల్ తేల్చి చెప్పేశాడు. మామ ఇకామా గడువు ఆ నెలతో సరి. ఊళ్లో ఇల్లు స్లాబు పడక సగంలో ఆగి ఉంది. జింకను కాల్చే రోజున, ఇవాళ మాత్రం నోరు తెరవకు మామా అని పొద్దున్నే బతిమాలాను. సరేనని తలూపాడు.

సాయంత్రం కఫీల్ స్నేహితులతో వచ్చి జీపు బానెట్ మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకదాంట్లో నున్నటి రాగి తొడుగు తూటాలు, రెండోదాంట్లో ముక్కు దగ్గర గుంట ఉన్నవి. రాగివే గట్టివన్నారు స్నేహితులు. కఫీల్ అవే నింపసాగాడు. మామ కదిలాడు. మోచేయి పట్టి లాగాను. ఆగితేనా!

"అవి వద్దు షేక్" అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. "ఇటు దూరి అటు పోతాయి. జింక పడదు, పరిగెత్తి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. ఈ గుంటవి లోపలే విచ్చుకుంటాయి. అవైనా బాగా దగ్గర నుంచి కొట్టాలి. పిస్టల్ రైఫిల్ కాదు."

స్నేహితులంతా మామ వైపు తిరిగారు.

"నీకెలా తెలుసు?" అన్నాడు కఫీల్.

"సిపాయిగా చేశాను."

"నా దగ్గర దాచావన్నమాట." పిస్టల్ పిడి మామ వైపు తిప్పి చాపాడు. "అయితే నువ్వే కొట్టు."

పట్టుకుంటే జైలు, పరాయి దేశం వాడి చేతిలో తుపాకీ ఉండకూడదక్కడ. పట్టుకోకపోతే అతిథుల ముందు కఫీల్ మాట కాదన్నట్టు. మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నేను తుపాకీ ముట్టకూడదు షేక్. మీరే కొట్టండి. దాన్ని దగ్గరికి నేను పిలుస్తాను."

కఫీల్ తూటాలు మార్చాడు.

"దా బిడ్డా" అన్నాడు మామ మన భాషలో. జింక కొమ్ములాడిస్తూ వచ్చేసింది. పాలసీసా కోసం వచ్చినట్టే వచ్చింది. అది పక్కకు తిరిగేదాకా ఆగమని కఫీల్‌కు చెప్పి, తిరగ్గానే "ఇప్పుడు" అన్నాడు. కఫీల్ కాల్చాడు. జింక నిలబడ్డ చోటే పడిపోయింది. కాలు కూడా కొట్టుకోలేదు.

వారం తిరక్కుండా మామకు ఎగ్జిట్ కొట్టారు. సిపాయిలు తనకొద్దన్నాడట కఫీల్. ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. దారిలో కోపం ఆపుకోలేక, "ఎందుకు నోరు తెరిచినవ్ మామా?" అని అరిచాను.

"ఆ జింక ఎట్లన్న పోయేదేనాయె అల్లుడా. దానికి నొప్పి తెల్వకుంట పోనీ అనుకున్న" అన్నాడు. "స్లాబుదేముంది, ఎప్పటికన్న పడ్తది."

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ సాయంత్రమే కనిపిస్తోంది. అందరూ జింక చుట్టూ మూగారు. మామ చేతులు వెనక్కి కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ముందున్న వాళ్లకు నిటారుగా నిలబడ్డ సిపాయే కనిపించి ఉంటాడు. నేను ఆయన వెనక ఉన్నాను. ఒక చెయ్యి జింక వైపు పోబోతుంటే, రెండో చెయ్యి దాన్ని గట్టిగా పట్టుకుని ఆపుతోంది.