మా ఆయనను పొగిడిన పాపానికి

ఈ సంగతి జరిగి చాలా ఏళ్లయింది. అప్పుడే రాసి ఉండేదాన్ని గాని, అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. యాభై దాటాక, పద్మజమ్మ పుణ్యమా అని, పారేసిన ప్రింటు కాగితాల వెనకవైపు అఆలు దిద్దుకున్నాను. అంతవరకూ ఈ కథను నోటితోనే చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ మా ఆయన పక్కన చేరి, "అట్ల గాదు, ఆగు, నేన్జెప్త" అని సగం లాక్కునేవాడు. కాగితం మీద ఆయన ఆటలు సాగవు. ఒక ప్రొఫెసరమ్మ ఉద్యోగాన్ని, పద్మజమ్మ ఉద్యోగాన్ని, నా పరువును ఒక్క కుర్చీలో కూర్చుని ఎలా ముంచబోయానో ఇక పూర్తిగా నా మాటల్లోనే వినండి.

రెండువేల పదిహేను ప్రాంతం. అబుదాబిలో ఒక యూనివర్సిటీలో నేను చాయ్ పెట్టేదాన్ని. అక్కడ సగం చదువు ఇంగ్లీషులో, సగం ఫ్రెంచిలో. నాకు రెండూ ఒకటే. రెండూ రావు. నేను ఉన్న విభాగంలో సోషల్ వర్క్ చెబుతారు. కష్టాల్లో ఉన్న మనిషిని ఎలా పలకరించాలో, ఎలా ఆదుకోవాలో నేర్పే చదువట. దానికి డిగ్రీ ఇస్తారని తెలిసి నోరు వెళ్లబెట్టాను. మా ఊళ్లో ఆ పనంతా బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందె నిండేలోపు చేసేస్తారు.

ఆ చదువును ఫ్రెంచిలో చెప్పే ప్రొఫెసరు మానేసి వెళ్లిపోయాడు. ముగ్గురిని పిలిచి చూశారు, ఒక్కరూ కుదరలేదు. నాలుగో మనిషి ఫాతూ గారు. సెనెగల్ దేశం నుంచి వచ్చారు. తాటిచెట్టంత మనిషి, వెన్నలాంటి గొంతు. నేనిచ్చిన చాయ్ తాగి గ్లాసు తానే కడగబోయారు. ఉద్యోగం ఇచ్చేది నేనైతే అక్కడికక్కడే ఇచ్చేసేదాన్ని.

పద్మజమ్మ ఆ ఫ్రెంచి సెక్షనులోనే పనిచేసేది. యానాం పిల్ల, ఫ్రెంచి అక్కడే నేర్చుకుంది. ఆ పొద్దున నేను చాయ్ పెట్టే ప్యాంట్రీలోకి వచ్చి, "రాజవ్వ గారూ, ఈవిడ కూడా కుదరకపోతే సెక్షను మూసేస్తారంటండి. నేను పెట్టె సర్దుకుని యానాం పోవడమేనండి" అంది. కళ్లలో నీళ్లు.

"ఎందుకు గుదరదు బిడ్డా? నేనున్న గద," అన్నాను. చాయ్ పెట్టే మనిషి భరోసా!

మా విభాగానికి పెద్ద సమీరా మేడమ్. లెబనాన్ ఆవిడ. నాతో వచ్చీరాని హిందీలో మాట్లాడేది. అంతకు ముందు వచ్చిన ముగ్గురికీ విద్యార్థినుల చేతే బాధల్లో ఉన్న ఆడవాళ్ల వేషం వేయించి పరీక్ష పెట్టారు. ఆ పిల్లలు పుస్తకంలో ఉన్నవన్నీ గడగడా అప్పజెప్పేసేవాళ్లు. ఈసారి చదువుకోని మనిషి కావాలి, మధ్యలో ఒకరు ఆ మాటను ఫ్రెంచిలోకి మార్చి చెప్పాలి, అప్పుడే అసలు పరీక్ష అని మేడమ్ ఆలోచన. చుట్టూ చూసింది. ట్రేతో నేను నిలబడి ఉన్నాను.

"రాజవ్వా, తుమ్ కరో. యల్లా!" అంది. నువ్వే చెయ్యి, కానివ్వు అని.

పద్మజమ్మ కథ కాగితం చదివి వినిపించింది. "మీ ఆయన తాగుతాడండి. కొడతాడండి. మీ పాస్‌పోర్టు దాచేశాడండి. ఇవాళ మిమ్మల్ని అడుగుతారు. రేపు పొద్దున మీ ఆయన వేషంలో మన ఆఫీసు డ్రైవర్ గారిని అడుగుతారు. అంతేనండి."

"గింతేనా? ఏడ్సుకుంట జెప్పన్నా, ఉత్తగ జెప్పన్నా?" అన్నాను గర్వంగా. ఎవరింట్లో పెళ్లయినా అప్పగింతలప్పుడు పెళ్లికూతురు తల్లి కన్నా ముందు నేనే ఏడ్చేదాన్ని. నాకు భయమేమిటి?

కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఫాతూ గారు, పక్కన పద్మజమ్మ, గోడవారగా సమీరా మేడమ్, మరో ఇద్దరు పెద్దలు.

"ఇంట్లో ఎలా ఉందమ్మా అని అడుగుతున్నారండి," అంది పద్మజమ్మ.

"మా ఆయన తా..." అన్నాను. అక్కడ ఆగిపోయింది.

చూడండి, మా ఆయన ముసఫ్ఫా కార్ఖానాల పేటలో వెల్డింగు పనిచేసే మనిషి. చుక్క ముట్టడు. పొద్దున నిప్పుల మధ్యకు వెళ్లిన మనిషి సాయంత్రానికి చల్లగా ఇల్లు చేరాలని రోజూ మొక్కుకునేదాన్ని. అలాంటి మనిషి మీద నా నోటితో నేనే చెడు మాట ఎలా అనను? పైన తథాస్తు దేవతలు వింటూ ఉండరూ?

"మా ఆయన... బంగారం," అన్నాను.

పద్మజమ్మ ఉలిక్కిపడింది. "కాగితంలో ఉన్నది చెప్పండి!" అని గుసగుసలాడింది.

"నా నోట రాదు బిడ్డా. తథాస్తు దేవతలుంటరు."

"అబుదాబిలో కూడానా అండీ?"

"వాళ్లకేమన్న వీసా గావాల్నా?"

పద్మజమ్మ తల పట్టుకుని, బంగారమనే మాటను ఫ్రెంచిలో చెప్పింది. ఫాతూ గారు తల ఊపి ఊరుకున్నారు. ఏమీ అనరు. అలా చూస్తూ కూర్చుంటారు. నాకేమో నిశ్శబ్దం ఖాళీ గ్లాసులా కనిపిస్తుంది. ఏదో ఒకటి పోస్తేగాని నిలవలేను.

"పొద్దుగాల లేసి నాకు చాయ్ వెడ్తడు," అన్నాను. పచ్చి అబద్ధం.

మళ్లీ నిశ్శబ్దం.

"నేనేది వండినా అమృతమంటడు. నా చీరలు ఇస్త్రీ జేస్తడు. ఇరవై ఆరేండ్లల్ల మేం ఒక్కపారి గొడవ పడలే."

"ఇంట్లో మీకు ఎవరన్నా భయమా అని అడుగుతున్నారండి."

"బల్లులంటే భయం."

గదిలో ఏసీ చలికి గోళ్లు నీలం తిరుగుతుంటే నాకు చెమటలు కారిపోతున్నాయి. ఫాతూ గారు నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదో అన్నారు. పద్మజమ్మ మొహం తెల్లబోయింది.

"ఏమంటుంది?"

"ఇంత మంచి భర్త గురించి ఇంత చెమటలు కక్కుతూ చెప్పిన మనిషిని చూడలేదంటున్నారండి. మీరు చెప్పలేనంత పెద్ద కష్టంలో ఉన్నారట. రేపు డ్రైవర్ గారు వద్దట, మీ అసలు భర్తనే చూడాలట!"

సమీరా మేడమ్ కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "రాజవ్వా, కల్ తుమ్హారా ఆద్మీ లావో. లేకపోతే ఈమె పరీక్ష సగంలో ఖలాస్. ఉద్యోగం లేదు."

ఫాతూ గారికి లేదు. అంటే సెక్షను లేదు. అంటే పద్మజమ్మకు యానాం. వేషం వెయ్యమంటే కాపురాన్నే పంచాయితీకి ఈడ్చుకొచ్చాను!

సాయంత్రం కంపెనీ బస్సు దిగి వచ్చిన మా ఆయనకు సంగతి చెప్పాను.

"నేనేం జేసిన్నే? నిన్ను గొట్టిన్నా?"

"లేదయ్యా. పొగిడిన."

"పొగిడితే పిలుస్తున్నరా? ఏం పొగిడినవే గంత?"

చాయ్, ఇస్త్రీ సంగతి దాచాను. "రేపు జర వచ్చి కూసో. ఏమడిగినా 'మంచిగనే ఉన్నం' అను. పద్మజమ్మ నౌకరి నీ చేతుల్నే ఉన్నది."

"మంచిగనే ఉన్నం. అంతే గద? నాకు రాదా?"

మర్నాడు పొద్దున ఆయనకు సగం రోజు సెలవు పెట్టించి, ఇస్త్రీ చొక్కా తొడిగించి, దారి పొడుగునా ఆ రెండు మాటలే వల్లె వేయించి తీసుకెళ్లాను. నిన్నటి కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఫాతూ గారు నవ్వి అడిగారు.

"మంచిగనే ఉన్నం," అన్నాడు మా ఆయన. హమ్మయ్య!

ఫాతూ గారు తల ఊపి ఊరుకున్నారు. అలా చూస్తూ కూర్చున్నారు.

మా ఆయన పైకప్పు చూశాడు. చేతులు చూసుకున్నాడు. దగ్గాడు. "మంచిగనే... అంటే మేడమ్, కూరల ఉప్పెక్కువైందంటే, ఈమె మూడ్రోజులు ఉప్పు లేకుంట వండుతది."

నేను గుమ్మంలోంచి కళ్లురిమాను. ఆయన ఇటు చూస్తేనా!

"నా బూట్లు రూముల వెట్టనియ్యది మేడమ్. లిఫ్టు కాడ ఇడిపిస్తది. ఎవడో ఎత్కవోతే రబ్బరు చెప్పులతోని డ్యూటీకి వోయిన. ఫోరుమన్ తిట్టిండు. మా బిడ్డకు ఫోన్ జేస్తే గంటసేపు ఈమెనే మాట్లాడతది. నా వంతు వచ్చెవరకు ఖలాస్, బ్యాలెన్సుండది. ఇస్త్రీ పెట్టె ఉన్నది మేడమ్, నా చొక్క ఇస్త్రీ మొకం జూసుడు ఇయ్యాల్నే!"

ఇరవై ఆరేళ్ల కాపురం గంటసేపు పారింది. పద్మజమ్మ నవ్వు ఆపుకుంటూ మార్చి చెప్పలేక నీళ్లు తాగింది. సమీరా మేడమ్ కాగితం అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టిన కాగితం గడగడ వణికింది.

చివరికి ఫాతూ గారు పుస్తకం మూసి పెద్దల వైపు తిరిగి ఏదో అన్నారు. గది ఘొల్లుమంది.

"ఏమన్నది బిడ్డా?"

"ఈ ఇంట్లో భయపడే మనిషి ఉన్నమాట నిజమేనట. ఆ మనిషి ఎవరన్న దగ్గరే పొరబడ్డానంటున్నారండి!"

సమీరా మేడమ్ కళ్లు తుడుచుకుని, "ముగ్గురొచ్చి వెళ్లారు, ఒక్కరూ మనిషి చేత అసలు మాట పలికించలేదు. ఖలాస్. ఈమెనే తీసుకుంటున్నాం," అంది. పద్మజమ్మ నన్ను కౌగిలించుకుంది. నేను మాత్రం గోడలో దూరడానికి చోటు వెతుకుతున్నాను.

మా ఆయనను బస్టాపు దాకా దింపాను. దారంతా ఆయన కన్నా నాలుగడుగులు ముందే నడిచాను. ఆయన మాత్రం పండగ స్నానం చేసినవాడిలా తేలిగ్గా నడుస్తున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"మంచి మేడమే. మల్లెప్పుడు రమ్మన్నది?"

బస్సు కదిలాక, ఆ ఎండలో, చెంగు నెత్తిన కప్పుకుని, సూర్యభగవానుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నా కంఠంలో ప్రాణముండగా నలుగురిలో మా ఆయనను పొగడను. ఎవరైనా అడిగితే "ఉన్నడు" అని ఊరుకుంటాను. అంతకు మించి ఒక్క మంచి మాట కూడా నా నోట రాదు.