ముత్యాలయ్య బిడ్డకు ఏమవుతాడు

పులికాటు సరస్సులో వల వేసే చిన్నపోలయ్యకు ముత్యాలయ్య పేరు వింటే గొంతులో ముల్లు దిగినట్టుండేది. ముత్యాలయ్య అతని భార్య కామాక్షమ్మకు మేనమామ కొడుకు, పెళ్లాడే వరస ఉన్నవాడు. ఆమె అతన్ని కాదని పోలయ్యను చేసుకుంది. ఏడేళ్లయినా ముత్యాలయ్య ఇంకా పెళ్లి చేసుకోలేదు. పోలయ్యకు అదే పట్టుకుంది.

"మీ బావ పడవ వస్తా ఉండాది మే, పోయి చూడు" అనేవాడు, ఆమె చేపలు ఆరబెడుతుంటే.

"పడవ చూడని దాన్నా నేను?" అనేది ఆమె, తల ఎత్తకుండా.

మొదట పుట్టిన కూతురు బాగానే ఉంది. రెండోది మగబిడ్డ. పుట్టిన రోజే ఒళ్లంతా పచ్చబడి మూడోనాడు పోయాడు. 1964లో ఆమె మళ్లీ నెల తప్పితే దగ్గర్లోని తడ ఊళ్లో డాక్టరు వాళ్లను మద్రాసు పంపాడు. అక్కడి డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించింది.

"నీ రక్తంలో ఉన్న ఆర్‌హెచ్ అనేది ఈమె రక్తంలో లేదు" అంది పోలయ్యతో. "బిడ్డకు నీది వస్తే ఈమె రక్తం దాన్ని పరాయిదిగా చూసి విరగ్గొడుతుంది. మొదటి కాన్పుకు ఏమీ కాదు. ముప్పంతా తర్వాతి బిడ్డలకే. ఈసారి పుట్టగానే బిడ్డ రక్తం తీసి, తల్లికి సరిపడే రక్తం ఎక్కించాలి. ఈమె చుట్టాల్లో వెతకండి."

కామాక్షమ్మకు తోడబుట్టినవాళ్లు లేరు. ఏడుగురు చుట్టాలు మద్రాసు వెళ్లి రక్తం ఇచ్చి చూశారు. ముత్యాలయ్యది ఒక్కటే సరిపోయింది.

తనది పరాయి రక్తం, వాడిది సరిపడే రక్తం. నెలల తరబడి పోలయ్య ఆ మాటే నంజుకుని తిన్నాడు.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకు ముత్యాలయ్య పాడు వంతు వచ్చింది. రొయ్యలు బాగా పడే చోటుకు పాడు అని పేరు. ఊళ్లో చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. వంతు తప్పితే మళ్లీ ఇరవై రోజులు ఆగాలి.

"రేపు పొద్దున రైలుకు పోవాల. నీ వంతు పోతది గదన్నా" అన్నాడు పోలయ్య. "రాలేకుంటే చెప్పు, ఇంకెవరినన్నా చూసుకుంటాం."

ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. రానంటే బాగుండునని పోలయ్యకు ఒక్క క్షణం అనిపించింది. రాకపోతే బిడ్డ దక్కడని ఆ తర్వాతే గుర్తొచ్చింది.

"వంతుదేముంది, మళ్లీ వస్తది" అన్నాడు ముత్యాలయ్య, వల చుట్టుకుంటూ.

మగబిడ్డ పుట్టాడు. గంటల్లోనే పచ్చబడ్డాడు. ముత్యాలయ్య నుంచి తీసిన సీసా రక్తం బొడ్డు దారిన కొంచెం కొంచెంగా బిడ్డలోకి పోయింది. పోలయ్య అద్దాల తలుపు అవతల నిలబడి బిడ్డను చూడకుండా సీసానే చూశాడు.

"ఆ రక్తం ఎన్నాళ్లుంటదమ్మా?" అని నర్సు కరుణాకుమారిని అడిగాడు.

"మూడు నాలుగు నెలలు. తర్వాతంతా బిడ్డ తయారు చేసుకున్నదే."

"మొగం ఏమన్నా మారతదా?"

"రక్తంతో మొగం మారుతుందా అయ్యా?" అని ఆమె నవ్వింది.

బిడ్డ దక్కి ఇల్లు చేరాడు. పోలయ్య వాణ్ని ఎత్తుకోలేదు. పక్కింటి మస్తానమ్మ చూడవచ్చి, "ముత్యాలయ్య వరసకు వీడికి పెదనాయన. ఇప్పుడు రక్తానికి గూడా నాయనే" అని పకపకా నవ్వింది. పోలయ్య తింటున్న కంచం వదిలి లేచాడు.

ఆమె వెళ్లాక భార్యతో అన్నాడు. "బిడ్డ వాణ్ని పెదనాయనా అనగూడదు."

"మరేమనాల?"

"మామా అనాల."

"మామయితే నాకు అన్నవుతాడు."

"అవనీ. నీకు తోడబుట్టినోళ్లు లేరు గదా. మన బిడ్డకు రక్తమిచ్చినోడు తోడబుట్టినోడు గాక ఇంకేమవుతాడు?"

"ఆయన్ని నువ్వే అడుగు" అంది కామాక్షమ్మ.

నాలుగు నెలలు నిండిన వారానికి ముత్యాలయ్య పీతల బుట్టతో వచ్చాడు. పోలయ్య ఉయ్యాల్లోంచి మొదటిసారి బిడ్డను ఎత్తుకుని గడప దాకా నడిచాడు. ఏడేళ్లుగా అన్నా అని పిలిచిన మనిషితో, "రా బావా, కూర్చో" అన్నాడు.

ముత్యాలయ్య కాలు గడప బయటే ఆగింది. లోపల చేపలు తోముతున్న కామాక్షమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ముత్యాలయ్య బుట్ట కింద పెట్టాడు.

"ఇవి మా చెల్లెలికియ్యి" అన్నాడు.

పోలయ్య బిడ్డను అతని చేతికి అందించాడు. బిడ్డ మొలతాడులో దూర్చిన తన వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.