కొత్త వైకుంఠధామంలో తొలి పీనుగ

మెదక్ పట్టణం అంచున, పాపన్నపేట రోడ్డు పక్కన మేస్త్రి దుర్గయ్య కట్టిన వైకుంఠధామాన్ని చూస్తే, చావుకు కూడా ఇంత సోకా అని ముక్కున వేలేసుకోవాల్సిందే. గేటు మీద కమాను, లోపల పీనుగలు కాల్చే రెండు దిమ్మెలు, పొగ పోయేలా వాటి మీద ఎత్తుగా రేకుల కప్పు, స్నానాల గదులు, కూర్చోవడానికి హాలు. గేటు ముందు దింపుడు కళ్లానికి ఒక అరుగు కూడా ఉంది. పాడెను అక్కడ దించి, చెవిలో మూడుసార్లు పిలిస్తే పోయిన ప్రాణం పలుకుతుందేమోనని చివరి ఆశ కదా! ఆ అరుగు ప్లానులో లేదు. మోసేవాళ్ల నడుము నొప్పి పెట్టకూడదని దుర్గయ్యే ఎత్తు చూసుకుని కట్టాడు.

ఏం లాభం? ఏడాదైనా ఒక్క శవం రాలేదు. కొత్త దిమ్మె మీద మొదట కాలినవాళ్లు తమ ఇంట్లోంచి ఇంకో ఇద్దరిని తీసుకుపోతారని ఊరికి భయం. అందరూ పాత వాగు ఒడ్డుకే మోసుకుపోయారు. తన పనితనమంతా మేకలు పడుకోవడానికైందని దుర్గయ్య కుమిలిపోయేవాడు.

అలాంటి రోజుల్లో అతని తల్లి బాలనర్సమ్మ జ్వరంతో మంచం పట్టింది. మూడో రోజుకు ఆయాసం మొదలైంది. శనివారం పొద్దున కోడలు భాగ్య దవాఖానకని ఆటో పిలిచింది. ముసలామెను లేపుతుండగా మదన్ మోహన్ పటేలు వచ్చాడు. వైకుంఠధామం పెట్టించిన ఊరి పెద్ద ఆయనే. ఏనాడూ ఆ గడప తొక్కని మనిషి వచ్చి మంచం అంచున కూర్చునేసరికి దుర్గయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఈ వయసుల సూదులు, పైపులు ఎందుకు దుర్గయ్యా? ఇంట్లనే పానం ఇడువనియ్యి. నువ్వు కట్టిన దిమ్మె మీదనే సాగనంపుదం. ఊరంత కదిలొస్తది.”

ఆ మాటన్న పెద్దమనిషి తన తండ్రిని నెల రోజులుగా హైదరాబాదులో పైపుల మీదే ఉంచాడని ఊరందరికీ తెలుసు. దుర్గయ్యకూ తెలుసు. అయినా సిగ్గులేని సంబరం! తన కట్టడానికి ఊరంతా వస్తుందన్న మాటే చెవికెక్కింది. భాగ్య మొత్తుకుంది. మంచంలోంచి బాలనర్సమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది.

“నన్ను ఆటో ఎక్కియ్యి బిడ్డా.”

దుర్గయ్య విన్నాడు. విని, ఆటోను వాపస్ పంపాడు.

సోమవారం తెల్లవారుతుండగా ఆమె పోయింది. పటేలు మాట తప్పలేదు. డప్పులు, పూలు, జనం. అరుగు మీద పాడె దించి, దుర్గయ్య తల్లి చెవిలో మూడుసార్లు “అవ్వా” అని పిలిచాడు. ఆమె పలకలేదు. మొదటి దిమ్మె మీద చితికి నిప్పు పెట్టాడు.

అది సగం కూడా కాలకముందే గేటు దగ్గర అంబులెన్సు ఆగింది. అందులోంచి ఐసు పెట్టె దించారు. లోపల పటేలు తండ్రి. ఎప్పుడు పోయాడని దుర్గయ్య డ్రైవర్‌ను అడిగాడు.

“శుక్రారమే పోయిండు. మీ ఊర్ల ఇంకొకలు ముందు గీ కొత్త దిమ్మె మీద కాలాలె, గప్పటిదాంక ఎవ్వలికి చెప్పొద్దన్నడు పటేలు. మూడొద్దుల సంది గీ పెట్టెలనే ఉంచినం.”

అటు నుంచి పటేలు, రెండో దిమ్మె మీద దుమ్ముందని, జర కడగమని కేకేశాడు. భాగ్య నల్లా దగ్గర బకెట్ నింపుకొచ్చి మొగుడి కాళ్ల ముందు పెట్టింది.

“కడుగు. ఆటోను వాపస్ పంపిన చేతులే గద.”

దుర్గయ్య కడిగాడు.