మా వీధి లక్ష్మి తూర్పుకు నడిచిన ఏడాది

ఆ కాలంలో ప్లాను అనే మాటకున్న గౌరవం ఇప్పుడు ఏ మాటకీ లేదు. కాగితం మీద గీతలు గీసి, ఆ గీతల ప్రకారం ఊరు కడుతున్నారంటే, మా కోనసీమలో జనం పడవలెక్కి వచ్చి మరీ చూసి వెళ్ళేవారు. కొబ్బరితోట కొట్టించి, తిన్నని వీధులు తీసి, ప్రతి వీధికీ సిమెంటు కాలవ కట్టించి, ఆ భాగానికి ప్లానుపేట అని పేరు పెట్టారు. (టౌను పేరు చెప్పను. ఆ ఇళ్ళవాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.) స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏట మేము అక్కడ అద్దెకు దిగాం. మూడో ఏట అంటాడు మా తమ్ముడు. వాడు అప్పటికి పుట్టనేలేదు కనక వాడి లెక్క చెల్లదు.

మాది వీధికి తూర్పు చివరి ఇల్లు. కాలవ మా ప్రహరీ దగ్గర ముగిసిపోతుంది, అవతల అంతా తోట. వీధిలో వాడుకనీళ్ళన్నీ పడమటి చివరికి పారి, అక్కడున్న కోడులో, అంటే ఊరి పెద్ద మురుగుకాలవలో, కలవాలని ఏర్పాటు. కాని మేము దిగిన నాటి నుంచీ మా గుమ్మం ముందు కాలవ నల్లగా, నిండుగా, కదలకుండా ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కుంకుడు నురగ, ఒకసారి ఎవరిదో కొత్త రవికె కూడా వచ్చి చేరాయి. దోమల మాట చెప్పనక్కరలేదు. మా అమ్మకి బోదకాలంటే మహా భయం. రోజూ సాయంత్రం మా కాళ్ళు నొక్కి చూసి, ఒక రోజు నాన్నగారితో తేల్చి చెప్పేసింది.

"వానలు పడేలోగా ఈ మురుగు కదలకపోతే పిల్లల్ని తీసుకుని ముక్తేశ్వరం వెళ్ళిపోతానండీ. మీరు హోటలు కూడు తినండి."

"మరి అమ్మాయి చదువో?"

"చదివింది చాలు. కాలు ఏనుగు కాలైతే చదువొచ్చి ఎత్తుకుంటుందా?"

నేనప్పుడు ఫోర్తుఫారం. ముక్తేశ్వరంలో తాతగారింట్లో ఆడపిల్లని హైస్కూలుకి పంపే మాటే లేదు. కనక ఆ మురుగు కదలడం మీదే నా ఫిఫ్తుఫారం ఆధారపడి ఉంది. అమ్మ మర్నాడే గోనెసంచుల్లో ఇత్తడి సామాను సర్దడం మొదలెట్టింది.

నాన్నగారు ఆ కాలవలు కట్టించిన ఓవర్సీరుగారిని బతిమాలి తీసుకొచ్చారు. ఆయన మా గుమ్మం ముందు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ప్లాను విప్పి చాలాసేపు చూశారు.

"నీళ్ళు పడమరకే పోతున్నాయండీ," అన్నారు.

"ఇక్కడే నిలబడ్డాయి కదండీ?"

"ప్లాను ప్రకారం పోతున్నాయండీ, ఆయ్. బాణం గుర్తు కూడా వేసేం, చూడండి." మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

లెక్కల్లో నాకు మొదటి మార్కు వచ్చేది, గర్వం కూడా దానికి తగ్గట్టే ఉండేది. బాణం సంగతి నేనే తేలుస్తానని, ఆదివారం పొద్దున్న పడమటి చివరికి వెళ్ళి కాలవలో ఒక కొబ్బరిచిప్ప వదిలి, దాని వెంట నడిచాను. అది కోడు వైపు చూడనైనా చూడలేదు. బుద్ధిగా తూర్పుకు బయలుదేరి, ఒక్కొక్క గుమ్మమే దాటి వస్తోంది. మా పక్కింటి ప్లీడరుగారి భార్య, మేము పిన్నిగారనే ఆవిడ, అరుగు మీద కూర్చుని నన్ను చూసింది.

"ఏటే అమ్మాయ్, చిప్పని ఊరేగిస్తున్నావు?"

"కాలవ వాటం ఎటుందో చూస్తున్నానండీ. పడమరకి కదాండీ పోవాలి?"

"పడమరకి పోతే ఇంకేమైనా ఉందా?" అని, లోకజ్ఞానం లేని పిల్లనని జాలిపడి అంతా చెప్పింది. ఇంట్లో నీళ్ళు పడమరకి పోతే లక్ష్మి కూడా వాటితో పోతుందట. అందుకని వీధిలో అందరూ గృహప్రవేశానికి ముందే తమ గుమ్మం ముందు కాలవ అడుగున సిమెంటు వేయించి వాటం తూర్పుకు తిప్పించారట. చేసిన మేస్త్రీ ఒక్కడే కావడం వల్ల ఇంటికీ ఇంటికీ మధ్య అతుకు తెలియకుండా కుదిరింది. (ఆ పనితనాన్ని తప్పు పట్టను. వీధి ఈ కొస నుంచి ఆ కొసకి తప్పుడు వాటం అంత నేర్పుగా పెట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.)

"అయితే మీ అందరి నీళ్ళూ మా గుమ్మంలోకే వస్తున్నాయండీ," అన్నాను. నేనన్నది ఆ ఒక్కమాటే.

పిన్నిగారి మొహం మారిపోయింది. మా ఇంటి వైపు చూసింది.

"మీ నాన్నగారికి పెద్ద గుమాస్తా పని ఎప్పుడొచ్చిందే?"

"ఇక్కడికొచ్చేకేనండీ."

"ఆవు ఈనింది కూడా ఇక్కడే కదూ? పెయ్యదూడ."

"ఆయ్."

"తమ్ముడూ ఇక్కడే పుట్టేడు." ఆవిడ లేచి నిలబడింది. "అద్దెకొచ్చినవాళ్ళు. చూడు, ఎంత నెమ్మదిగా ఉన్నారో."

మధ్యాహ్నానికి మా రెండిళ్ళ సరిహద్దులో కాలవకి అడ్డంగా ఇటుకల కట్ట లేచింది. దాంతో వీధి లక్ష్మి అంతా పిన్నిగారి గుమ్మంలో ఆగడం మొదలైంది. ఆవిడ అవతలి ఇల్లాలు ఊరుకుంటుందా? తన లక్ష్మి తన దగ్గరే ఉండాలని ఆవిడా ఒక కట్ట కట్టించింది. ఆ వారంలో వీధిలో ఎవరి మురుగు వారి ముందు, ఎవరి దోమలు వారింట్లో. అందరూ మూతి ముడుచుకుని, ముక్కు మూసుకుని తిరిగారు. మా అమ్మ మాత్రం గోనెసంచుల మూతులు కుడుతూనే ఉంది. మా ముందున్న పాత నీరు ఎక్కడికీ పోలేదు మరి.

తొలకరి ఒక పూట కురిసింది. కట్టల వెనక నీళ్ళు పొంగి అరుగులెక్కాయి, పిన్నిగారి వంటింట్లో పీటలు తేలాయి. వాన తెరిపిచ్చేసరికి ప్లీడరుగారితో సహా మగవాళ్ళంతా పంచెలు ఎగగట్టి, గునపాలతో కట్టలూ, వాటం తిప్పడానికి కాలవ అడుగున వేయించిన సిమెంటూ పగలగొట్టారు. నీరు కాసేపు తటపటాయించి, పడమర వైపు సాగింది.

"మరి లక్ష్మో, పిన్నిగారూ?" అంది మా అమ్మ గుమ్మంలోంచి.

"కోడులో కలిస్తే కలవనీండమ్మా. ఈ చివరింటికి పోకపోతే చాలు," అంది ఆవిడ, ఏ దాపరికమూ లేకుండా.

మర్నాడు ఓవర్సీరుగారు వచ్చి, పారుతున్న కాలవని చూసి నాన్నగారితో అన్నారు: "ఆ రోజే చెప్పేను కదండీ, పడమరకేనని." ఆ పూటా మజ్జిగ తాగారు.

అమ్మ సంచుల కుట్లు విప్పి ఇత్తడి సామాను మళ్ళీ బల్ల మీద పేర్చింది. చివరి చెంబు తుడిచి పెట్టి, "బడి ఎప్పుడు తెరుస్తారే?" అని అడిగింది.

తరవాత చాలా ఏళ్ళు నేను ఆడపిల్లలకి లెక్కలు చెప్పాను. ఆ వీధిని కదిలించింది నా లెక్కేనని చాలాకాలం వాళ్ళకి గొప్పగా చెప్పేదాన్ని కూడా. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, ఓవర్సీరు బాణానికీ నా కొబ్బరిచిప్పకీ లొంగని నీళ్ళు పిన్నిగారి అసూయకి ఒక్క వారంలో లొంగాయి. నా చదువుకి అప్పు పడ్డది ఆవిడకే. బతికుండగా ఆ మాట చెప్పి ఉంటే, వడ్డీ అడిగేది తప్పకుండా.