చీనీతోటలో దాక్కున్న డిష్

ప్రొద్దుటూరులో మా గాజుల అంగడిని ఆనుకునే నూరుల్లా కొట్టు ఉంది. దానికి బోర్డు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మా వైపు మనుషుల సంగతి చెప్పాలి, చెబితే నాకు కోపమొస్తుంది. అయినా చెబుతాను.

ఒకప్పుడు నూరుల్లా కంపెనీ చొక్కా వేసుకుని, నెలనెలా చందా కట్టే డిష్‌లు ఇంటింటికీ బిగించేవాడు. జనం సెల్‌ఫోన్లలో తలలు దూర్చాక చందాలు ఆగిపోయాయి. సెట్‌టాప్ పెట్టెలు అటకలెక్కాయి, డిష్‌ల మీద కాకులు కూర్చున్నాయి, నూరుల్లా ఉద్యోగమూ పోయింది. అప్పుడతనికి ఒక ఆలోచన తట్టింది. దూరదర్శన్ వాళ్ళు ఉచితంగా పంపే చానెళ్ళు ఎవరు చూసినా చూడకున్నా ఆకాశం నుంచి వస్తూనే ఉన్నాయి. పాత డిష్‌ను కాస్త తూర్పుకు తిప్పి, పాత పెట్టెలో ఆ చానెళ్ళ అంకెలు ఎక్కిస్తే టీవీ మళ్ళీ పలుకుతుంది. చందా లేదు, దొంగతనమూ కాదు.

అన్ని పెట్టెలూ మాట వినవు. కొన్ని కంపెనీ చానెళ్ళు తప్ప ఇంకేమీ చూపించవు, వాటిని పక్కన పడేస్తాడు. క్రికెట్ చానెల్‌కు తాళం తీసిపెట్టమని వచ్చిన వాళ్ళకు మాత్రం టీ కూడా ఇవ్వకుండా దారి చూపిస్తాడు.

పని మంచిదే, చిక్కంతా మనుషులతోనే. జాకీర్ అని నూరుల్లా బావమరిది కువైట్‌లో ఉంటాడు. డ్రైవరు వీసా సిద్ధం చేసి, ఏప్రిల్ మొదటి వారంలోగా వస్తావో రావో తేల్చమన్నాడు. నూరుల్లాకు పోవాలని లేదు. భార్య షాహీదాబీకి పంపాలని అంతకన్నా లేదు. కానీ కొట్టు నడవకపోతే ఇల్లెట్లా నడుస్తుంది? ఇలాంటి పని ఒకరు చెబితే ఇంకొకరికి తెలియాలి. మా వాళ్ళేమో పని చేయించుకుని, ఎవరికీ చెప్పవద్దని అతని చేత ఒట్టు వేయించుకునేవాళ్ళు. చందా మానేశారంటే చితికిపోయారని ఊరు అనుకుంటుందట! బోర్డు పెడితే ఆ కొట్టు గడపే తొక్కమన్నారు.

అందరిలోకీ ఘనుడు పులివెందుల దగ్గర పల్లెలో ఉండే ఓబుళరెడ్డి. ఆ ఊళ్ళో మొట్టమొదట డిష్ పెట్టింది ఆయన మిద్దె మీదే. పిలిపించి, ఉచిత చానెళ్ళు రావాలి కానీ మిద్దె మీది డిష్ ఇంచు కూడా కదలకూడదు, తిప్పితే ఊరికి తెలిసిపోతుందన్నాడు. తిప్పకుండా ఎట్లా వస్తాయని నూరుల్లా తల పట్టుకున్నాడు. చివరికి ఇంకో పాత డిష్‌ను ఇంటి వెనక చీనీతోటలో, బత్తాయి చెట్ల మధ్య బిగించాల్సి వచ్చింది. కొత్త కొమ్మ పెరిగి అడ్డం వచ్చినప్పుడల్లా టీవీలో బొమ్మ ముక్కలయ్యేది. రెడ్డి కత్తెర పట్టుకుని తోటలోకి పోయేవాడు. పెద్దాయన ఈ వయసులో కూడా చెట్లను ఎంత బాగా చూసుకుంటున్నాడో అని ఊరంతా మెచ్చుకునేది.

"మా వియ్యపురాలి చెవిన మాత్రం పడకూడదప్పా" అని ఆయన ప్రత్యేకంగా చెప్పాడు.

ఆ వియ్యపురాలు జమ్మలమడుగు వనజమ్మ. ఆమెకూ డిష్ తిప్పింది నూరుల్లానే. తిప్పిన డిష్ వీధిలోకి కనబడకుండా ఆమె దాని మీద చీర ఆరేసేది. తడి చీర కప్పితే బొమ్మ పోతుంది. పోగానే నూరుల్లాకు ఫోను. చీర తియ్యమ్మా అంటే, తీస్తే మా వియ్యంకుడు వచ్చినప్పుడు చూస్తాడు కదా అనేది. ఇద్దరూ కలిసినప్పుడు మాత్రం మా ఇంట్లో అన్ని చానెళ్ళూ వస్తాయంటే మా ఇంట్లోనూ అన్నీ వస్తాయని గొప్పలు పోయేవాళ్ళు. ఇవన్నీ కడుపులో పెట్టుకుని నూరుల్లా చిక్కిపోయాడు.

ఏప్రిల్ వచ్చింది. ఏటా అప్పుడు ఉచిత చానెళ్ళ వరస మారుతుంది, పెట్టెలో అంకెలు మళ్ళీ ఎక్కించాలి. ఓబుళరెడ్డి తెల్లారే బస్సెక్కి వచ్చాడు. సంచిలో అడుగున పెట్టె, పైన చీనీకాయలు. ఇంతలో చీరకు సరిపోయే గాజులు చూడాలని చేతిలో మడత చీరతో మా అంగడి ముందు ఆగిన వనజమ్మ, అటూ ఇటూ చూసి చప్పున నూరుల్లా కొట్టులో దూరింది. చీర లోపల నలుచదరంగా ఏదో ఉంది. నేను అంగడి వదిలేసి గుమ్మంలో నిలబడ్డాను.

వియ్యంకులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కుశలాలు అడిగారు. మనవడి పళ్ళ గురించి మాట్లాడుకున్నారు. రెడ్డి సంచిలోంచి వైరు బయటకు వేలాడుతోంది. వనజమ్మ మర్యాదగా గోడ వైపు చూసింది.

అప్పుడే అన్నం క్యారియరుతో షాహీదాబీ వచ్చింది. ఆమె చేతిలో ఫోను మోగింది, అవతల జాకీర్. ఇవాళ చెప్పకపోతే వీసా ఇంకొకరికి పోతుందంటున్నాడు. నూరుల్లా ఫోను తీసుకుని, కొట్టంతా ఒకసారి చూసి, వస్తానని చెప్పబోయాడు.

"యాడికప్పా పొయ్యేది?" అన్నాడు ఓబుళరెడ్డి. "నువ్వు కువైట్ పోతే మా తోటలో డిష్ ఎవరు చూస్తారు?"

"తోటలో డిష్ ఏందన్నా?" అంది వనజమ్మ.

రెడ్డి ముఖం చూడలేకపోయాను. వనజమ్మ చీర మడతలు విప్పి తన పెట్టెను బల్ల మీద పెట్టింది. "మీది తోటలో ఉండాది, మాది చీర కింద ఉండాది. దాచి దాచి శానా అలిసిపోయినాను."

ముందు షాహీదాబీ నవ్వింది. తరువాత అందరం నవ్వాం, రెడ్డి చివర్న. ఆయనే నూరుల్లా చేతిలోంచి ఫోను తీసుకుని జాకీర్‌తో, మీ బావ రాలేడు, ఈడ శానా పని ఉండాది, వీసా ఎవరికన్నా ఇచ్చుకో అని చెప్పి పెట్టేశాడు. షాహీదాబీ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

పెట్టెలు సరిచేయించుకుని బయలుదేరుతూ రెడ్డి గుమ్మంలో ఆగాడు. బోర్డు రాయించమన్నాడు. ఊరికి పోయి తానే అందరికీ చెబుతానన్నాడు. వనజమ్మ బస్టాండు వైపు మలుపు తిరిగేదాకా చూసి, గొంతు తగ్గించాడు.

"తోటలోది పీకేసి మిద్దె మీద కొత్తది పెడుదువు రాప్పా. వనజమ్మ ఇంటి దానికన్నా పెద్ద డిష్ చూసి పెట్టు."