మా బావ, దొడ్డి తలుపు, కంభం చెరువు

బావ పోయిన కబురు నాకు గిద్దలూరు బస్సు డ్రైవరు చెప్పాడు. మార్కాపురంలో నా పలకల దుకాణం ముందు బస్సు నిలిపి, ఇంజను ఆపకుండానే, "అన్నా, కంభంలో మీ బావ పోయినాడంట, మీ అక్క నిన్ను రమ్మనింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. చేతిలో ఉన్న పలకకు చట్రం సగమే బిగించి ఉంది. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆషాఢం ఇంకా దాటలేదు. చెరువు నిండుగా ఉంది, గాలి హోరుమంటోంది. ఏళ్ళ తరబడి ఇట్లాంటి రోజుల కోసమే కాచుకున్న మనిషి సరిగ్గా ఈ రోజుల్లోనే పోవాలా? దేవుడికి బుద్ధి లేదని ఆ రోజు అనుకున్నాను, ఈ రోజూ అదే అంటున్నాను.

విషయం చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, ఊరంతా నవ్విందే. బావది కంభం బజారులో బట్టల దుకాణం. మెత్తని మనిషి, కాస్త బొజ్జ, చెవులకు పోగులు. ఆషాఢంలో పడమటి గాలి లేచి చెరువులో అలలు పుట్టాయంటే చాలు, దుకాణం మూసేసి, ఒక తలుపు రెక్కను నెత్తిన పెట్టుకుని పోయేవాడు. రొమ్ము లోతు నీళ్ళ దాకా దాన్ని తోసుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి, మంచి అల వచ్చేదాకా నిలబడేవాడు. వచ్చిందా, బోర్లా దాని మీద పడి, అల తోసినంత దూరం వచ్చి కట్ట పక్కనున్న ఒండ్రులో తేలేవాడు. లేచి, మూతి తుడుచుకుని, మళ్ళీ వెళ్ళేవాడు. దీనివల్ల చేప దొరకదు, పుణ్యం రాదు. ఎందుకని అడిగితే, "బాగుంటాది రా" అనేవాడు. అంతకుమించి ఏ రోజూ చెప్పలేదు.

ఆ రెక్క మా అక్క ఇంటి దొడ్డి తలుపుది. మామిడి చెక్క. బాగుచేయిస్తానని ఊడదీసి, చెరువు పాలు చేశాడు. అప్పటి నుంచి దొడ్డి గుమ్మానికి ఒక రెక్కే. రెండో పక్కకు అక్క గోనెపట్టా కట్టుకుంది. కుక్కలు దూరుతున్నాయని, కోళ్ళు పోతున్నాయని ఆమె తిట్టని రోజు లేదు. బజారులో వాళ్ళేమో శెట్టికి గాలి పట్టింది అనేవాళ్ళు. అక్క ఆ మాట నిజమేనేమోనని త్రిపురాంతకం తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టుకునే చెరువులోకి దిగాడు మహానుభావుడు.

దుకాణం అరుగు మీది గుంజకు మల్లుగుడ్డ పీలిక ఒకటి కట్టి ఉండేది. గాలి ఎటు వీస్తోందో, ఎంత వీస్తోందో దాన్ని చూసి చెప్పేవాడు. రవికెగుడ్డ కొలుస్తూ కూడా కన్ను దాని మీదే. అది బాగా ఎగిరిన రోజు గజం బద్ద చేతిలో జారేది, కొనేవాళ్ళకు జానెడు ఎక్కువ వచ్చేది. ఆ సంగతి పసిగట్టి, గాలి ఉన్న రోజు చూసుకుని బేరానికి వచ్చే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు.

అయితే ఎన్నిసార్లు దక్కింది ఆయనకు ఆ సుఖం? మా సీమ సంగతి మీకు తెలియనిది కాదు. చెరువులోకి నీళ్ళు కార్తీకంలో వస్తాయి. అప్పుడు గాలి ఉండదు, నీళ్ళు అద్దంలాగా పడి ఉంటాయి. గాలి ఆషాఢంలో వస్తుంది. అప్పటికి నీళ్ళు పైర్లకు పోయి, మిగిలింది ఎండకు పోయి, గేదెలు పొర్లే బురద మిగులుతుంది. రెండూ కలిసిన ఏళ్ళు చాలా తక్కువ. రాజధాని కర్నూలుకు వచ్చిందని బజారంతా తోరణాలు కట్టిన ఏడు చెరువులో పగుళ్ళు. అది హైదరాబాదుకు పోయిందని అరుగుల మీద వాదులాడుకున్న ఏడు నీళ్ళున్నాయి గానీ గాలి లేదు. బావ రోజూ రెక్క మోసుకుపోయి, కట్ట మీద దాని పక్కనే కూర్చుని, పొద్దెక్కాక మోసుకొచ్చేవాడు. నాకు చూడలేక కోపం వచ్చేది. "గాలి కోసం ఇట్ల కూచుంటే గాలి వస్తాదా బావా?" అని అరిచాను ఒకసారి. "రాదులే. వచ్చినప్పుడు నేను ఇంట్లో ఉండకపోతే చాలు" అన్నాడు.

ఒక ఏడు రెండూ కలిశాయి. ఆ ఏడే ఒక పొద్దున ఆయన ఆ రెక్క మీద లేచి నిలబడ్డాడట. అల మీద, రెండు కాళ్ళ మీద, ఒడ్డు దాకా. చూసినవాళ్ళెవరు అంటే ఒడ్డున నీళ్ళు తాగుతున్న ఎనుము ఒకటి ఉందన్నాడు. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా మోకాళ్ళ మీదికి లేవడమే, బుడుంగుమని పడడమే. ఒక్కసారి మీ ముందర నిలబడి చూపిస్తాను, అప్పుడు చూడండి అనేవాడు. పండక్కి వచ్చినా, పెళ్ళిలో కలిసినా అదే మాట. ఆయనకు ఇంకే కోరికా ఉన్నట్టు నాకు తెలియదు.

పోయిన కార్తీకంలో వానలు దంచి చెరువు అలుగు పారింది. ఎండాకాలమంతా నీళ్ళు తగ్గలేదు. బావ మొహం వెలిగిపోయింది. ఉగాది దాటాక ఒక రోజు దుకాణంలో బట్ట చింపుతూ చింపుతూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిపక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. నాటు వైద్యం చేయించాం, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అందరూ చెప్పింది ఒకటే, కాచుకోవాలని. కాచుకోవడం ఆయనకు కొత్తా!

ఆషాఢం రానే వచ్చింది. గాలీ వచ్చింది. చూడ్డానికి పోయిన రోజు బావ మంచం మీది నుంచి ఎడమ చేత్తో వీధి వైపు చూపిస్తూ ఉంటే, నేను ఎద్దుల బండి మాట్లాడుకొచ్చాను. ఎక్కిస్తుంటే అక్క దొడ్లోకి వెళ్ళి, ఆ రెక్కను తనే ఈడ్చుకుంటూ తెచ్చింది. "ఇది కూడా ఎయ్యి" అంది. దాన్నీ బండిలో వేశాను.

కట్ట మీద, రాళ్ళ అంచున, రెక్కకు ఆనించి కూర్చోబెట్టాం. అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కట్టకు కొడుతున్నాయి. అట్లాంటి నీళ్ళు, అట్లాంటి గాలి నేనెప్పుడూ చూడలేదు. బావ ఒక్కో అలనూ చూసి, ఇది కాదు, ఇది కాదు అని ముద్ద మాటతోనే గొణుగుతున్నాడు. ఒకటి వచ్చింది. "ఇదీ" అన్నాడు. అది వచ్చి రాళ్ళకు తగిలి విరిగిపోయింది. ఎడమ చెయ్యి రెక్క అంచును గట్టిగా పట్టుకుని ఉంది.

"బామ్మర్దీ, ఆ పొద్దు నేను నిలబడినా."

"తెలుసు బావా."

"నీకేం తెలుసు? నువ్వు చూడ్లేదు గదా."

నీళ్ళలోకి దింపుదామా అంటే ఆ అలల్లో నేనే నిలవలేను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతలో పెద్ద అల ఒకటి కొట్టి, తుంపర మా మీదికి లేచి, ఆయన పాదాలు తడిశాయి.

"తడిసినాయా?" అన్నాడు.

"తడిసినాయి బావా."

"రెండూనా?"

రెండూ అన్నాను. ఆయన కుడి కాలు వంక చాలాసేపు చూశాడు. చేతనైతే ఆ చెరువును ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టేవాణ్ణి. ఏం చేయగలిగాను? ధోవతి అంచుతో పాదాలు తుడిచి, మళ్ళీ బండెక్కించి ఇంటికి తెచ్చాను. ఆ తర్వాత బావ గాలి గురించి అడగలేదు. నేను మార్కాపురం వచ్చేసిన కొద్ది రోజులకే పోయాడు.

పెద్దదినం కర్మ అయ్యాక వడ్రంగిని పిలిచి, ఆ రెక్కను దాని గుమ్మానికి బిగించమంది అక్క. బిగించాడు గానీ అది మూసుకోలేదు. ఇన్నేళ్ళు నీళ్ళు తాగి చెక్క ఉబ్బింది, వంకర తిరిగింది. చిత్రిక పడతానంటే అక్క ఒప్పుకోలేదు, ఆయన పడుకున్న చెక్కను తాకొద్దంది. నేను మార్కాపురం బస్సుకు బయలుదేరేటప్పటికి పడమటి గాలి దొడ్డి వైపు నుంచి కొడుతోంది. అక్క రెండు చేతులతో ఆ రెక్కను నెడుతోంది. అది మళ్ళీ వెనక్కి వస్తోంది.